ఏప్రిల్ చివర్లో తీర్థన్ వెళ్తున్నాను: ట్రౌట్, ఫ్లై ఫిషింగ్ గురించి మన బెజవాడ, గుంటూరు వాళ్ల సలహాలు కావాలి

కరకట్ట కుర్రాడు (విజయవాడ), మార్చి 8, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను కృష్ణలంకలో పుట్టి పెరిగాను. మా బాబాయితో కలిసి బందరు కాలువ గట్టు మీద వెదురు కర్ర, నెమలి ఈక బెండు, ఎర్రలు పెట్టుకుని చేపలు పట్టడం నేర్చుకున్నాను. మూడేళ్లుగా రీల్ ఉన్న రాడ్ కూడా వాడుతున్నాను.

ఈ ఏప్రిల్ చివర్లో ఆఫీసులో తొమ్మిది రోజులు సెలవు దొరికింది. హిమాచల్‌లో తీర్థన్ నది దగ్గర ట్రౌట్ (చల్లటి కొండ నీళ్ల చేప) పట్టాలని చాలా ఏళ్ల కోరిక, అదీ ఫ్లై ఫిషింగ్ పద్ధతిలోనే, అంటే ఈకలతో పురుగులా కట్టిన గాలం (ఫ్లై) వేసి. ఆన్‌లైన్‌లో ఫ్లై రాడ్ తెప్పించాను. తొమ్మిది అడుగులది, ఐదో నంబరు. నిన్న సాయంత్రం సీతానగరం వైపు వెళ్లి విసిరి చూస్తే లైన్ అంతా నా కాళ్ల ముందే కుప్పగా పడింది. మామూలు రాడ్‌తో కాలువ అవతలి గట్టుకి విసిరేవాడిని, దీంతో ఇరవై అడుగులు కూడా పోవడం లేదు. గంట తర్వాత భుజం పట్టేసింది.

ఇంకా ఏడు వారాలుంది. ఈ లోపు ఇక్కడే ఉండి నేర్చుకోవడం కుదురుతుందా? ఫ్లైలు కొనుక్కోవాలా, మనం కట్టుకోవచ్చా? ఏప్రిల్ చివర అక్కడ నది ఎలా ఉంటుంది? వెళ్లొచ్చిన వాళ్లు చెప్పండి.

రైవస్ (విజయవాడ), మార్చి 8, రాత్రి 10:25

తమ్ముడూ, రాడ్ ఐదో నంబరు అన్నావు, మరి లైన్ ఏ నంబరు? డబ్బా మీద రాసి ఉంటుంది, ముందు అది చూడు.

మనం చిన్నప్పటి నుంచి వేసే గాలంలో బరువు చివర ఉంటుంది. సీసం గుండో, పిండి ముద్దో ముందు పోతుంది, దారం దాని వెనకాల పోతుంది. ఫ్లైకి బరువే ఉండదు. చిన్న గాలం, ఒక ఈక, నాలుగు చుట్లు దారం, అంతే. బరువంతా లైన్‌లో ఉంటుంది. ఐదో నంబరు లైన్ మొదటి 30 అడుగులు కలిపి తూస్తే 9 గ్రాములు వస్తుంది. ఆ 9 గ్రాములకి సరిగ్గా వంగేలా ఐదో నంబరు రాడ్ తయారు చేస్తారు. అంటే నువ్వు విసరాల్సింది లైన్‌ని. ఫ్లై దాని చివర పట్టుకుని వెళ్లిపోతుంది.

అందుకే బలం పెట్టేకొద్దీ పాడవుతుంది. లైన్‌ని వెనక్కి లేపి ఆగాలి. వెనకాల లైన్ మొత్తం తిన్నగా సాగే వరకు ఆగాలి. అప్పుడు రాడ్ వంగి ఉంటుంది, ముందుకి తోస్తే ఆ వంపే లైన్‌ని తీసుకెళ్తుంది. కొత్తవాళ్లందరూ ఆ ఆగడం దగ్గరే తొందరపడతారు. తల తిప్పి వెనక్కి చూస్తూ విసురు, సిగ్గుపడకు. లైన్ సాగడం కంటికి కనపడాలి.

కరకట్ట కుర్రాడు, మార్చి 8, రాత్రి 10:41

అన్నా, ఇప్పుడే డబ్బా చూశాను. లైన్ ఎనిమిదో నంబరు. నేను ఆర్డర్ పెట్టింది ఐదే. అమ్మిన వాళ్లు వేరేది పంపారు, నేను చూసుకోలేదు.

రైవస్, మార్చి 8, రాత్రి 10:50

సరిపోయింది. ఎనిమిది అంటే ఐదు కంటే ఒకటిన్నర రెట్లు బరువు. నీ రాడ్ అంత బరువుకి కుంగిపోతుంది. సగం తప్పు నీది కాదు. వెనక్కి పంపి ఐదో నంబరు, నీటి మీద తేలే రకం తీసుకో. కొత్త లైన్ వచ్చాక గాలం కట్టకుండా చివర చిన్న ఎర్ర ఊలు ముక్క కట్టుకుని గడ్డి మీద ప్రాక్టీస్ చెయ్యి. ఘాట్ల మెట్ల మీద, సిమెంటు రోడ్డు మీద వద్దు. లైన్ పైపూత గీసుకుపోతుంది.

బందరు కాలువ (మచిలీపట్నం, ఇప్పుడు విజయవాడ), మార్చి 9, ఉదయం 6:15

బాబూ, నాకు ఫ్లై ఫిషింగ్ అలవాటు లేదు. కానీ రైవస్ గారు చెప్పిన ఆగడం గురించి ఒక మాట. మా చిన్నప్పుడు ఎడ్లబండి తోలేవాళ్లు చర్నాకోల ఝుళిపించడం చూసేవాళ్లం. తాడు వెనక్కి పూర్తిగా సాగక ముందే ముందుకి లాగితే ఠప్పుమని చప్పుడొస్తుంది. బండివాడికి కావాల్సింది ఆ చప్పుడే. నీకు అది రాకూడదు. వచ్చిందంటే చివర ఉన్న ఈక తెగి ఎగిరిపోయినట్టే అనుకుంటాను.

రైవస్, మార్చి 9, ఉదయం 7:02

అక్షరాలా అంతే బాబాయ్ గారూ. ఆ చప్పుడుకే ఫ్లైలు తెగి పోతాయి.

చల్లనీళ్లు (గుంటూరు), మార్చి 9, మధ్యాహ్నం 1:30

నేను జువాలజీ చెబుతాను. తీర్థన్‌కి మూడుసార్లు వెళ్లాను, రెండుసార్లు ఏప్రిల్‌లో, ఒకసారి అక్టోబరులో. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మన కృష్ణలో ట్రౌట్ ఎందుకు లేదని మా పిల్లలు ప్రతి ఏడాదీ అడుగుతారు. ట్రౌట్‌కి 10 నుంచి 16 డిగ్రీల నీళ్లు హాయి. 20 దాటితే ఆయాసపడుతుంది, 25 దగ్గర బతకడమే కష్టం. ఇందులో అసలు సంగతి ఆక్సిజన్. 10 డిగ్రీల నీళ్లు లీటరుకి 11 మిల్లీగ్రాముల పైన ఆక్సిజన్ పట్టుకోగలవు. అవే నీళ్లు 30 డిగ్రీలకి వేడెక్కితే ఏడున్నర దగ్గర ఆగిపోతాయి. వేడికి చేప ఒంట్లో ఆక్సిజన్ ఖర్చు పెరుగుతుంది, నీళ్లలో ఉన్నదేమో తగ్గుతుంది. మే నెలలో మన బ్యారేజీ ఎగువన నీళ్లు 30 దాటుతాయి. మన బొచ్చె, శీలావతి, కొరమేను వీటికి తట్టుకునేలా పుట్టాయి. కొరమేను అయితే పైకి వచ్చి గాలి కూడా పీలుస్తుంది.

నిజానికి ట్రౌట్ మన దేశపు చేప కూడా కాదు. ఇంగ్లిషు వాళ్లు గుడ్లు తెప్పించి 1900లో కాశ్మీర్‌లో, 1909లో కులూలో పెంచారు. నీలగిరుల్లో కూడా అదే దశకంలో రెయిన్‌బో ట్రౌట్ వదిలారు. తీర్థన్‌లో ఎక్కువగా దొరికేది బ్రౌన్ ట్రౌట్. ఒళ్లంతా నల్ల చుక్కలు, మధ్యమధ్య ఎర్ర చుక్కలు, ఆ ఎర్ర చుక్క చుట్టూ లేత రంగు వలయం. అదే నదిలో స్నో ట్రౌట్ అని ఒకటి ఉంటుంది. పేరులో ట్రౌట్ ఉంది కానీ అది ట్రౌట్ జాతి కాదు, మన శీలావతి ఉన్న కార్ప్ కుటుంబానిది. కొండల్లో మొదటి నుంచీ ఉన్నది అదే. అది మీ గాలానికి పడితే ఇంకా జాగ్రత్తగా వదిలేయండి.

ఏప్రిల్ చివర అంటే పైన మంచు కరిగే కాలం. ఉదయం నీళ్లు తేటగా, తక్కువగా ఉంటాయి. ఎండ ఎక్కేకొద్దీ పైన మంచు కరిగి ఆ నీళ్లు మధ్యాహ్నానికి కిందికి దిగుతాయి. మట్టం పెరుగుతుంది, కొంచెం బురద రంగు తిరుగుతుంది. బియాస్ నదితో పోలిస్తే తీర్థన్ చాలా తేట. తెల్లారాక మొదలుపెట్టి పదకొండు లోపు ముగించండి. మళ్లీ మబ్బు పట్టిన సాయంత్రాలు బాగుంటాయి.

ట్రౌట్‌కి నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరి దాకా నిషేధం, అది గుడ్లు పెట్టే కాలం. మార్చి 1 నుంచి పట్టుకోవచ్చు. హిమాచల్ మత్స్య శాఖ లైసెన్సు తప్పనిసరిగా తీసుకోండి. ఎన్ని పట్టొచ్చు, ఎంత సైజు లోపువి వదలాలి అన్న నిబంధనలు ఆ లైసెన్సు ఇచ్చే చోటే అడిగి తెలుసుకోండి. నది పుట్టేది గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కులో. మీరు గాలం వేయాల్సింది పార్కు బయట, గుషైనీ, బంజార్ వైపు.

కరకట్ట కుర్రాడు, మార్చి 9, రాత్రి 8:10

మేడమ్, ఇంత ఓపికగా రాసినందుకు చాలా థ్యాంక్స్. ప్రింట్ తీసుకుని మా బాబాయికి కూడా చదివి వినిపించాను. స్నో ట్రౌట్ శీలావతికి చుట్టం అంటే ఆయనకి చాలా సంతోషం వేసింది.

వెళ్లే దారి ఇలా అనుకున్నాను: ఇక్కణ్ణుంచి ఢిల్లీకి రైలు, ఢిల్లీలో రాత్రి మనాలి బస్సు ఎక్కి తెల్లవారి ఔట్‌లో దిగి, అక్కణ్ణుంచి లార్జీ మీదుగా బంజార్. సరేనా?

చల్లనీళ్లు, మార్చి 9, రాత్రి 8:35

దారి అదే. ఔట్ రాకముందే డ్రైవర్‌కి గుర్తు చేయండి, నిద్రలో దాటిపోతే కులూ దాకా వెళ్లిపోతారు.

బందరు కాలువ, మార్చి 10, ఉదయం 5:50

లార్జీ అన్న మాట చదవగానే రాత్రి నిద్ర పట్టలేదు బాబూ. 2014 జూన్ 8. మన తెలుగు పిల్లలు, ఇంజినీరింగ్ చదివేవాళ్లు 24 మంది బియాస్‌లో కొట్టుకుపోయారు. పైన లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు, రాళ్ల మీద ఫొటోలు తీసుకుంటున్న పిల్లలకి తెలియలేదు. రోజుల తరబడి టీవీ ముందు కూర్చున్నాం. తెలిసిన వాళ్ల పిల్లలు కాకపోయినా ఆ ఇళ్లలో ఏం జరుగుతోందో అనుకుంటూ అన్నం సహించేది కాదు.

నేను నీళ్ల దగ్గర పనిచేసి రిటైరైన వాణ్ణి. నది చప్పుడు మారితే బయటికి వచ్చెయ్. రంగు మారితే బయటికి వచ్చెయ్. పుల్లలు, ఆకులు ఎక్కువగా కొట్టుకొస్తుంటే బయటికి వచ్చెయ్. నడి నీళ్లలో రాయి మీదికి ఎక్కి నిలబడొద్దు. చేప పోతే పోయింది. మీ అమ్మకి రోజూ సాయంత్రం ఫోన్ చెయ్యి.

చల్లనీళ్లు, మార్చి 10, ఉదయం 9:20

బాబాయ్ గారు చెప్పినది అందరూ రెండుసార్లు చదవండి. తీర్థన్ మీద అలాంటి డ్యామ్ లేదు. అక్కడి జనం పట్టుబట్టి జలవిద్యుత్ ప్రాజెక్టులు రాకుండా ఆపుకున్నారు. కానీ కొండ మీద వాన పడితే ఏ వాగైనా నిమిషాల్లో పొంగుతుంది. 2023 జులైలో కులూ జిల్లా ఎలా దెబ్బతిందో చూశాం. మోకాలు దాటి నీళ్లలోకి దిగకండి. అడుగున ఫెల్ట్ (దళసరి ఉన్ని గుడ్డ) ఉన్న బూట్లు, చేతిలో గట్టి కర్ర ఉండాలి. ఆ రాళ్లు నాచు పట్టి సబ్బులా జారతాయి. ట్రౌట్ చాలావరకు గట్టుకి దగ్గరగానే ఉంటుంది, లోపలికి దిగాల్సిన పని లేదు.

గుంటూరు గాలం (గుంటూరు), మార్చి 12, రాత్రి 11:05

ఆలస్యంగా చూశాను. ఫ్లైలు కట్టుకోవడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. పదేళ్లుగా నాకు ఇదే లోకం.

తమ్ముడూ, మన ప్రాంతంలో పుట్టినవాడు ఫ్లైల ఈకల కోసం విదేశీ ప్యాకెట్లు కొనాల్సిన అవసరం లేదు. ఫ్లై కట్టడంలో ముఖ్యమైన ఈక కోడిపుంజు మెడ ఈక. పుంజు రంగులకి మన దగ్గర ఉన్నన్ని పేర్లు ఎక్కడున్నాయి? ఎర్ర ఈకల డేగ, నల్లటి కాకి, తెల్లటి సేతువ, ఇంకా నెమలి, మైల, పింగళ, కౌజు. ఏప్రిల్‌లో తీర్థన్‌కి నేనైతే డేగ మెడ ఈకతో ఎర్ర గోధుమ ఫ్లై, కాకి ఈకతో ఒక నల్లది, ఈ రెండూ కట్టుకుపోతాను. నాటుకోడి అమ్మే కొట్లో అడిగితే మెడ తోలు ఈకలతో సహా ఇచ్చేస్తారు, ఎలాగూ పారేసేదే. సబ్బు నీళ్లలో కడిగి, నీడలో ఆరబెట్టి, కలరా ఉండలు వేసి డబ్బాలో పెట్టాలి. లేకపోతే పురుగు పడుతుంది.

ఇప్పుడు ఈక ఎంచుకోవడం. దీపం ముందు ఒక మెడ ఈకని పట్టుకుని చూడు. మధ్య కాడకి ఆనుకుని మసగ్గా, దూదిలా ఉండే భాగం ఉంటుంది. అంచులు మాత్రం మెరుస్తూ, విడివిడిగా, ముళ్లలా బిరుసుగా ఉంటాయి. ఆ దూది భాగం నీళ్లు పీలుస్తుంది. బిరుసు అంచులే నీటి మీద కాళ్లలా నిలబడి ఫ్లైని తేలుస్తాయి. కాబట్టి దూది తక్కువ, బిరుసు ఎక్కువ ఉన్న ఈక కావాలి. తల దగ్గర ఈకలు పొట్టివి, 14, 16 నంబరు గాలాలకి అవి. భుజాల వైపు దిగేకొద్దీ పెద్దవి. గాలం నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుందని గుర్తుంచుకో. ఈకని వంచితే విచ్చుకునే పోగులు గాలం నోటి వెడల్పుకి ఒకటిన్నర రెట్లు ఉంటే సరిపోతుంది. మన నాటు పుంజు ఈక పొట్టిగా ఉంటుంది, ఒకటి చాలదు. రెండు ఈకలు కలిపి చుట్టు. పెట్ట ఈకలు మెత్తన, అవి నీట మునిగే ఫ్లైలకి.

ఇంకోటి. బాతు తోక మొదట్లో నూనె గ్రంథి ఉంటుంది. దాని చుట్టూ పొగలా మెత్తటి చిన్న ఈకలుంటాయి. అవి నీళ్లలో తడవనే తడవవు. డెల్టాలో బాతులకి కరువా?

నెమలి ఈక బెండు వాడేవాణ్ణి అన్నావు కదా. ఈక కాడని బెండుకి వాడాక పక్కన ఉండే ఆకుపచ్చ పోగులు ఏం చేసేవాడివి?

కరకట్ట కుర్రాడు, మార్చి 13, ఉదయం 7:30

పారేసేవాళ్లం అన్నా.

గుంటూరు గాలం, మార్చి 13, రాత్రి 10:15

ప్రపంచంలో ట్రౌట్ పట్టేవాళ్లందరూ వెతికేది ఆ పోగుల కోసమే. మూడు నాలుగు పోగులు కలిపి మెలితిప్పి గాలానికి చుడితే, తడిలో పురుగు ఒళ్లులా ఆకుపచ్చగా, రాగి రంగులో మెరుస్తుంది. ముందు సన్నని రాగి తీగ చుడితే బరువు కూడా వస్తుంది. రాలిన ఈకలే వాడు, వాటికి ఇబ్బంది లేదు. పాత మోటారు వైండింగ్ షాపులో రాగి తీగ ముక్కలు ఊరికే ఇస్తారు.

ఆదివారం గుంటూరు వస్తే నా వైస్ (గాలాన్ని బిగించి పట్టుకునే పరికరం) మీద నీ చేతనే నాలుగు కట్టిస్తాను.

శీలావతి ఇగురు (తాడేపల్లి), మార్చి 15, సాయంత్రం 6:45

అందరికీ ఒక ప్రశ్న. నేను ఎగతాళికి అడగడం లేదు, మనసులో ఉన్నది అడుగుతున్నాను. అంత దూరం పోయి, అంత ఖర్చు పెట్టి, చేపని పట్టి వదిలేస్తారా? మా ఇంట్లో చేప పట్టడం అంటే కూర కోసం. మా నాన్న ఆడుకోవడానికి గాలం వేస్తే ఊరుకునేవాడు కాదు. ప్రాణాన్ని నొప్పించి ఫొటో తీసి వదలడం కంటే పట్టి తినడమే దానికి గౌరవం అని నా అభిప్రాయం.

రైవస్, మార్చి 15, రాత్రి 7:30

మీరు అడిగింది న్యాయమైన మాటే. నేను వదిలేస్తాను, ఎందుకో చెబుతాను. చిన్న కొండ నదిలో చేపలు నిదానంగా పెరుగుతాయి. ఒక రాయి చాటున ఉన్న పెద్ద చేపని తీసేస్తే ఆ చోటు మళ్లీ అంతటి చేపతో నిండాలంటే ఏళ్లు పడుతుంది. కానీ వదలడం అంటే నీళ్లలో పడెయ్యడం కాదు. గాలం ముల్లుకి వెనక ఉండే చిన్న ఎదురు ముల్లుని నోస్ ప్లయర్‌తో ముందే నొక్కేయాలి. చేపని నీళ్లలోనే ఉంచి గాలం తీయాలి. చేతులు తడుపుకోకుండా ముట్టుకోకూడదు, పొడి చేతికి దాని ఒంటి మీది జిగురు ఊడిపోతుంది. తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి పట్టుకుంటే, అదే బలం పుంజుకుని చేతిలోంచి వెళ్లిపోతుంది. ఇవేవీ చేయని వాళ్లు వదిలేశాం అని చెప్పుకోవడం నాకూ నచ్చదు.

బందరు కాలువ, మార్చి 16, ఉదయం 6:00

మా తాత తొలకరిలో గుడ్లతో ఉన్న చేప పడితే దండం పెట్టి వదిలేసేవాడు. మిగతా కాలంలో కూర వండేవాళ్లం. రెండూ ఆయనే చేసేవాడు.

చల్లనీళ్లు, మార్చి 16, ఉదయం 10:40

అక్కడ నగినిలో మత్స్య శాఖ వారి ట్రౌట్ ఫారం ఉంది. తినాలనిపిస్తే పెంచిన ట్రౌట్ కొనుక్కుని తినవచ్చు, నదిలోది నదికి వదిలేయవచ్చు. నేను అదే చేస్తాను. శీలావతి ఇగురు గారూ, మీ నాన్నగారి మాట మాత్రం నేను క్లాసులో చెబుతాను, మీకు అభ్యంతరం లేకపోతే.

శీలావతి ఇగురు, మార్చి 16, మధ్యాహ్నం 12:15

తప్పకుండా చెప్పండి మేడమ్.

కరకట్ట కుర్రాడు, మార్చి 30, రాత్రి 9:15

అప్‌డేట్. ఐదో నంబరు లైన్ వచ్చింది. రోజూ ఆఫీసు నుంచి వచ్చాక నలభై నిమిషాలు గడ్డి మీద విసురుతున్నాను. మణికట్టు ఎక్కువ వంగకుండా రాడ్ పిడిని మణికట్టుకి రబ్బరు బ్యాండుతో కట్టుకున్నాను. నాలుగో రోజు మొదటిసారి లైన్ వెనకాల తిన్నగా సాగి రాడ్‌ని లాగడం చేతికి తెలిసింది. ఆ తర్వాత ముందుకి దానంతట అదే వెళ్లింది. ముప్పై ఐదు అడుగులు. భుజం నొప్పి లేదు.

గుంటూరు వెళ్లి అన్న దగ్గర పద్నాలుగు ఫ్లైలు కట్టాను. వాటిలో ఆరే పనికొస్తాయని అన్న తేల్చారు.

నిన్న కాలువలో తిలాపియా మీద నెమలి పోగు ఫ్లై వేశాను, రెండు పడ్డాయి. అరచెయ్యంత. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసేలోపు ఇంకో పది రోజులు ప్రాక్టీస్ చేస్తాను. కానీ ఒక సందేహం. పారే నీళ్లలో నా ఫ్లై నీటి మీద గీత గీసుకుంటూ పోతోంది. చేపలు దగ్గరికి వచ్చి వెనక్కి వెళ్లిపోతున్నాయి.

చల్లనీళ్లు, మార్చి 30, రాత్రి 10:05

ఆ గీతే మీ శత్రువు. కార్తీకంలో అరటి దొప్పలో దీపం వదిలితే ఎలా పోతుంది? నీళ్లు ఎటు తీసుకెళ్తే అటు, నీళ్లు ఎంత వేగంగా ఉంటే అంతే. ఆ దొప్పకి దారం కట్టి పట్టుకుంటే వెంటనే అడ్డంగా తిరిగి నీటి మీద గీత వస్తుంది. పురుగు ఎప్పుడూ అలా పోదని ట్రౌట్‌కి తెలుసు. మధ్యలో నీళ్లు వేగంగా, అవతల నిదానంగా ఉంటే లైన్ మధ్యలో లాగబడుతుంది. ఫ్లై నీటి మీద పడగానే రాడ్ కొస ఎత్తి లైన్ మధ్య భాగాన్ని ఎగువ వైపుకి తిప్పి వేయండి. ఫ్లై కదలకూడదు, లైన్ మాత్రమే ఎత్తాలి. ఇది విసరడం కంటే ముఖ్యం.

ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడుతుంది. కాబట్టి దిగువ నుంచి, దాని వెనక వైపు నుంచి వెళ్లండి. మీ నీడ నీళ్ల మీద పడకూడదు.

బందరు కాలువ, మార్చి 31, ఉదయం 5:45

తొలకరి వాన పడ్డ సాయంత్రం ఉసిళ్లు లేచి నీళ్ల మీద పడితే కాలువంతా చేపలు ఎగబడతాయి. అప్పుడు ఎర్ర వేసినా ముట్టవు, ఉసిళ్లే తింటాయి. ఇప్పుడు మేడమ్ రాసింది చదువుతుంటే అరవై ఏళ్ల నాటి ఆ సాయంత్రాలు అర్థమవుతున్నాయి. పై నీళ్ల మీద ఉన్నదాన్ని చూపించాలి, అదీ ఊరికే కొట్టుకుపోతున్నట్టు. మాకు అప్పుడు తెలియలేదు.

రైవస్, ఏప్రిల్ 19, రాత్రి 9:30

తమ్ముడూ, చివరి మాట. ఫ్లైని కట్టే చివరి సన్న దారం, అంటే టిప్పెట్, 4ఎక్స్, 5ఎక్స్ రెండూ పెట్టుకో. 5ఎక్స్ అంటే 0.15 మిల్లీమీటరు మందం. ముడి బిగించే ముందు నోటి తడితో తడుపు. పొడిగా బిగిస్తే రాపిడికి కాలి అక్కడే తెగుతుంది. ఇక్కడ కాలువలో వాడిన బూట్లు, లైన్ బాగా కడిగి ఎండలో ఆరబెట్టాకే తీసుకెళ్లు. మన నీళ్లలో ఉన్నవి అక్కడికి మోసుకుపోకూడదు. జాగ్రత్తగా వెళ్లి రా.

కరకట్ట కుర్రాడు, మే 5, రాత్రి 10:20

తిరిగొచ్చాను. అమ్మ చేతి అన్నం తిని, నిద్రపోయి లేచి రాస్తున్నాను. ఇక్కడ ఎండకి కళ్లు తెరవలేకపోతున్నాను. అక్కడ నీళ్లలో కాలు పెడితే పది నిమిషాలకి వేళ్లు మొద్దుబారిపోయేవి.

మొదటి రెండు రోజులు ఒక్కటీ పడలేదు. నది చిన్నదే, కానీ చప్పుడు చాలా పెద్దది. పక్కనున్న మనిషి మాట వినపడదు. తెల్లటి నురగలో ఎక్కడ వేయాలో తెలియక నాకు కనపడిన ప్రతిచోటా వేశాను. అలవాటు కొద్దీ దూరంగా, అవతలి గట్టుకి విసిరాను. చెట్లకి అయిదు ఫ్లైలు పోయాయి. రెండో రోజు రాత్రి గదిలో కూర్చుని మేడమ్ పోస్టులు అన్నీ మళ్లీ చదివాను.

మూడో రోజు ఉదయం రాడ్ పక్కన పెట్టి ముందు నీళ్లలో రాయి ఒకటి ఎత్తి తిప్పి చూశాను. కింద వైపు గోధుమ రంగు పురుగులు, చదునుగా, మూడు తోకలతో, చేతిలోకి తీసుకుంటే అటూ ఇటూ పరుగెత్తాయి. పక్కనే గింజంత గొట్టాలు రాయికి అతుక్కుని ఉన్నాయి. ఇసుక రేణువులు ఒకదానికొకటి పేర్చి కట్టుకున్న ఇల్లు, ఒక్కో రేణువూ విడిగా కనపడుతోంది. ఒక గొట్టం అంచులోంచి చిన్న నల్ల తల బయటికొచ్చి మళ్లీ లోపలికి పోయింది. చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్లు చేపలు పట్టాను కానీ చేప ఏం తింటుందో రాయి తిప్పి చూసింది ఇదే మొదటిసారి. రాయిని మళ్లీ ఉన్నట్టే పెట్టేశాను.

తర్వాత గట్టుకి పది అడుగుల దూరంలో, ఆవు అంత రాయి వెనకాల నీళ్లు కాస్త నిదానించిన చోట డేగ ఈక ఫ్లై వేశాను. నీళ్ల మీద లైన్ దాదాపు ఏమీ పెట్టలేదు, రాడ్ ఎత్తి పట్టుకున్నాను. ఫ్లై దొప్పలా పోయింది. మూడోసారి పోతుండగా నీళ్లు చిన్నగా ఉబ్బి ఫ్లై కనపడలేదు. రాడ్ ఎత్తాను.

జానెడు మీద రెండు వేళ్లు ఉంటుంది. కడుపు వెన్న రంగు. ఎర్ర చుక్కలు, వాటి చుట్టూ లేత వలయం, మేడమ్ రాసినట్టే. చేతులు ముందే తడిపి ఉన్నాయి. ఎదురు ముల్లు నొక్కేసిన గాలం కాబట్టి వేలితో అంటే ఊడిపోయింది. నీళ్లకి ఎదురుగా పట్టుకున్నాను. మొప్పలు నాలుగుసార్లు ఆడాయి, తోక నా అరచేతిని తోసింది, వెళ్లిపోయింది. ఫొటో తీయడం గుర్తుకు రాలేదు.

మొత్తం మీద ఐదు బ్రౌన్ ట్రౌట్, ఒక స్నో ట్రౌట్. అన్నీ వదిలేశాను. ఐదింటిలో మూడు డేగ ఈకకి, రెండు నెమలి పోగుకి. చివరి రోజు నగినిలో ట్రౌట్ కొని, దిగిన ఇంటి వాళ్లని అడిగి వాళ్ల వంటింట్లో ఉల్లిపాయలు, ఇక్కణ్ణుంచి తీసుకెళ్లిన గుంటూరు కారం వేసి ఇగురు చేశాను. వాళ్లకి బాగా నచ్చింది. శీలావతి ఇగురు గారూ, ఆ రోజు మీరు గుర్తొచ్చారు.

బాబాయ్ గారూ, నాలుగో రోజు మధ్యాహ్నం నది చప్పుడు మారింది. నీళ్లలో చేప కదలడం కనపడుతోంది, అయినా లైన్ చుట్టేసి గట్టెక్కాను. అరగంటలో నేను నిలబడిన చోట తొడల లోతు నీళ్లు.

బందరు కాలువ, మే 6, ఉదయం 5:40

క్షేమంగా వచ్చావు, చాలు బాబూ. గట్టెక్కానని రాసిన ముక్క మా ఆవిడకి కూడా చదివి వినిపించాను.

శీలావతి ఇగురు, మే 6, ఉదయం 8:05

ఉల్లిపాయ ముక్కలుగా వేశావా, ముద్ద చేసి వేశావా? ఆ చేపలో కొవ్వు ఎక్కువ అంటారు కదా, చింతపండు పడితే బాగుంటుందనుకుంటున్నాను. మళ్లీ వెళ్లేటప్పుడు చెప్పు, నేనూ వస్తాను. పట్టడం నేర్చుకుంటాను. వదిలే సంగతి అక్కడ ఆలోచిస్తాను.

గుంటూరు గాలం, మే 6, రాత్రి 10:50

తమ్ముడూ, ఆ మూడు చేపలు పట్టిన డేగ ఫ్లై ఉంటే కడగకుండా అలాగే తీసుకురా. ఏ ఈక ఎంత అరిగిందో చూడాలి. ఈ జూన్‌లో తొలకరి పడితే ఉసిళ్ల ఫ్లై కట్టాలని ఉంది, రెక్కలకి ఏం వాడాలో తేలడం లేదు. తెల్ల బాతు ఈక అనుకుంటున్నాను. బందరు కాలువ బాబాయ్ గారూ, ఉసిరు నీళ్ల మీద పడ్డాక రెక్కలు చాపి ఉంచుతుందా, వీపు మీద మడుచుకుంటుందా?

బందరు కాలువ, మే 7, ఉదయం 5:35

చాపి ఉంచుతుంది. తడిసిన కాసేపటికి రెక్కలు ఊడిపోయి విడిగా తేలతాయి, ఒళ్లు విడిగా పోతుంది. చేపలు ముందు ఒళ్లే తింటాయి. వాన పడ్డ రోజు ఫోన్ చెయ్యండి, గట్టు మీద చూపిస్తాను.